మిగిలిన గంట

గవర్నరుపేటలో మెట్లెక్కితే మూడో గది మా ఆఫీసు.
ఏసీ కింద బకెట్టు, గోడకి ఐరోపా పటం.
దాని మీద జాన పెట్టి కొలిచింది
ఫిరంగిపురం ఇన్నమ్మ.
"రోము నుంచి లిస్బనుకి జానెడు కూడా లేదు కదమ్మాయ్,
దీనికి ఇమానం ఎందుకు?"

పద్ధెనిమిది వందల నలభై కిలోమీటర్లన్నాను.
అంటే?
అంటే, రైల్లో ఇక్కణ్ణించి ఢిల్లీ దాకా, కాస్త అటూ ఇటూ.
"ఢిల్లీ నేనెప్పుడు చూశాను?"
నేను మాత్రం ఎప్పుడు చూశాను.
ఎవరికీ తెలియని దూరాన్ని
ఎవరూ వెళ్ళని దూరంతో కొలిచి చూపించాను.

పదకొండేళ్ళు కోల్డు స్టోరేజీల నీడన
మిరపకాయలకి తొడిమెలు తీసిన డబ్బు,
దానికి తోడు విచారణ వాళ్ళ చీటీ.
కవరు విప్పగానే క్యాషియరు ప్రభాకరం
నాలుగు తుమ్ములు తుమ్మాడు.
లెక్క తప్పింది. మళ్ళీ మొదలెట్టాడు.
మళ్ళీ తుమ్మాడు.
ఆమె నవ్వలేదు. చేతులు కొంగులో దాచుకుంది.

"ఎంతసేపు పోద్ది?"
మూడు గంటలు.
ఇన్నమ్మ కళ్ళు మూసుకుంది.
"మాలకి ఇరవై నిమిషాలు. తొమ్మిది జపమాలలు.
ఆగకుండా చెబితే దిగేసరికి అయిపోతయ్."
నా కంప్యూటరు చెప్పనిది
ఆమె వేళ్ళు చెప్పేశాయి.

అక్కణ్ణించి బస్సులో ఫాతిమా.
మా దాదీ పేరూ అదే, నోరు జారాను.
"అయితే ఆమెకీ ఓ కొవ్వొత్తి వెలిగిస్తాలే హసీనా" అంది.
నా పేరు
బల్ల మీద చెక్క ముక్క చదివి కాదు,
ఆమెకి చదువు రాదు.
ప్రభాకరం పిలుస్తుంటే విని పట్టుకుంది.

టిక్కెట్టు మీద పదికి బయల్దేరి పన్నెండుకి దిగుతుంది విమానం.
మనవడు చదివి వినిపించాడట, మర్నాడే ఫోను:
"మూడన్నావు, రెండే అయినయ్. ఎక్కడ పోయింది గంట?"
అక్కడి గడియారం గంట వెనక నడుస్తుందమ్మా.
"అంటే మనకి మిగిలినట్టేగా?"
మిగిలినట్టే. తిరుగు ప్రయాణంలో ఇచ్చెయ్యాలి.
"ఓహో, చీటీ పాట" అని పెట్టేసింది.

నా పక్క మిగిలింది ఆ మాట.
గుంటూరు నుంచి బెజవాడ ముప్ఫై రెండు కిలోమీటర్లు.
నంబూరు, పెదకాకాని, మంగళగిరి, తర్వాత
కృష్ణా కెనాల్ అవుటర్లో
ప్యాసింజరు రైలు నిలబడిపోతుంది, అలిగిన కోడలిలా.
పక్క పట్టాల మీంచి ఒక ఎక్స్‌ప్రెస్సు,
దాని వెనక గూడ్సు, బొగ్గు, ఖాళీ పెట్టెలు.
గిన్నె సర్దుకుంటూ జామకాయలామె దిగిపోయింది.
నలభై నిమిషాలు.
ఈపాటికి వియన్నాలో ఎగిరిన వాళ్ళు
బుడాపెస్టులో దిగడానికి బెల్టు బిగించుకుంటుంటారు.
నాకు తెలుసు. రోజుకి ఇరవైసార్లు చెప్పే దూరాలు.
నేను పుట్టాక ఎక్కిన ఎత్తు
ఇంద్రకీలాద్రి పక్క కొండ మీది మా అత్త వాళ్ళిల్లు.

తొమ్మిదేళ్ళుగా ఈ అవుటర్లో పోసిన గంటలన్నీ
ఏ ఊరి గడియారంలో జమ అయ్యాయో.
పాట పాడిందెవరో.
నా పేరు ఇంకా రాలేదు.

ఇన్నమ్మ ఈ పొద్దున వెళ్ళే రోజు.
శంషాబాదులో ఎక్కి ఉంటుంది.
రోము, ఆ తర్వాత తొమ్మిది మాలలు.

కుదుపు. కదిలింది రైలు.
బ్రిడ్జి మీద ఇనుప చప్పుడు మారింది.
కింద ఇసుక తిన్నెలు, నడుమ సన్నంగా కృష్ణ,
చెయ్యి చాచి ఎవరో చిల్లర విసిరారు.
నా దగ్గర పూసలు లేవు.
కిటికీ దాటే స్తంభాలు లెక్కపెట్టాను.
నిన్నటికీ ఇవాళ్టికీ
రెండు తక్కువ వచ్చాయి.